రోజూ ఆఫీసుకు కారులో వెళ్లేవాళ్లకు విడి జీపీఎస్ డివైస్ పనికొస్తుందా? (బెంగళూరు)

హొరమావు శ్రీను
అందరికీ నమస్కారం. హొరమావు నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి వారంలో సగం రోజులు కారులో వెళ్తుంటాను. దారి తెలియక కాదు గానీ ఏ రోజు ఎక్కడ తవ్వుతారో తెలియక మ్యాప్ పెట్టుకుంటాను. ఫోన్‌తో రెండు తలనొప్పులు. మధ్యాహ్నం ఎండకు డాష్‌బోర్డు మీద వేడెక్కి స్క్రీన్ మసకబారిపోతుంది. రెండోది, టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఏ లేన్‌లోకి జరగాలో చూసుకునే క్షణానికే మా మేనేజర్‌కు నేను గుర్తొస్తాను. ఫోన్ మోగిందంటే మ్యాప్ చూడలేను, టెన్షన్.

మా బావమరిది సంక్రాంతికి అమెరికా నుంచి వస్తున్నాడు. అతని దగ్గర కారు అద్దానికి అతికించుకునే జీపీఎస్ డివైస్ ఒకటి వాడకుండా పడి ఉందట, తెస్తానంటున్నాడు. ఐదు అంగుళాల స్క్రీన్. అమెరికాలో కొన్నది ఇక్కడ పనిచేస్తుందా? నెలనెలా ఏమైనా కట్టాలా? మా నాన్నగారు కూడా కారు తీస్తుంటారు, ఆయన ఫోన్‌లో మ్యాప్ జోలికి పోరు. ఆయనకైనా ఉపయోగపడుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

క్యాబ్ రమణ
శ్రీను అన్నా, చేతిలో ఫోన్ ఉండగా అదెందుకు? ఏసీ గాలి వచ్చే చోట తగిలించే హోల్డర్ కొనుక్కో. చల్లగాలి తగులుతుంటే ఎండలో కూడా ఫోన్ వేడెక్కదు. మా క్యాబ్‌వాళ్లందరం అలాగే పెట్టుకుంటాం. కాల్స్ వద్దంటే డ్రైవింగ్ మోడ్ ఉంది. ఖర్చు మూడు నాలుగు వందలు. అయిపోయింది.

మల్లేశ్వరం మూర్తి
రమణ చెప్పింది శ్రీనుగారి మొదటి ఇబ్బందికి మంచి మందే. అయినా అడిగిన ప్రశ్నలకు సమాధానం చెప్పాలి కదా. ఎలక్ట్రానిక్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని, కాస్త పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

నెలనెలా కట్టాల్సింది ఏమీ లేదు. ఆ డివైస్ రేడియోలా వింటుంది, అంతే. శాటిలైట్‌కు తిరిగి ఏమీ పంపదు. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ‘నేను ఫలానా, ఇప్పుడు ఇంత టైం’ అని నిరంతరం చెబుతుంటాయి. ఒక్కో సిగ్నల్ ఎంత ఆలస్యంగా చేరిందో చూసుకుని డివైస్ తానెక్కడుందో లెక్క కడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు వినబడాలి. మూడు సరిపోవా అని చాలామంది అడుగుతారు. డివైస్‌లో ఉండేది చవక గడియారం, ఉపగ్రహాల్లోని అణు గడియారాలతో అది సరిపోలదు. ఆ తేడా తేల్చడానికే నాలుగోది.

ఉపగ్రహానికి అమెరికా, ఇండియా అని లేదు కాబట్టి మీ బావమరిది డివైస్ ఇక్కడా తానెక్కడుందో కనిపెడుతుంది. చిక్కంతా లోపలున్న మ్యాప్‌తోనే. అందులో అమెరికా రోడ్లు మాత్రమే ఉంటే బెంగళూరులో ఖాళీ స్క్రీన్ మీద బాణం గుర్తు ఒక్కటే కదులుతుంటుంది.

ఇంకొకటి. తెచ్చిన వెంటనే ఆన్ చేసి ‘పనిచేయట్లేదు’ అనుకోకండి. ఎప్పుడో అమెరికాలో ఆఫ్ చేసిన డివైస్‌కు ఏ ఉపగ్రహం ఎక్కడుందో తెలియదు. ఒక ఉపగ్రహం కచ్చితమైన కక్ష్య వివరాలు అందడానికి అర నిమిషం చాలు గానీ, ఉపగ్రహాలన్నిటి జాబితా పూర్తిగా దిగడానికి 12.5 నిమిషాలు పడుతుంది. ఫోన్ ఈ వివరాలు మొబైల్ డేటాలోంచి లాగేసుకుంటుంది, అందుకే చిటికెలో దొరికినట్టుంటుంది. మీరు డివైస్‌ను మేడ మీద ఆకాశం కనబడే చోట పెట్టి కాఫీ తాగి రండి. డివైస్ కదలకుండా ఉంటే ఇంకా త్వరగా దొరుకుతుంది.

లక్ష్మి జేపీ నగర్
మూర్తిగారూ, మా మామయ్యగారి పాత డివైస్ తేదీ 2006 జూన్ అని చూపిస్తోంది. దారి మాత్రం సరిగ్గానే చెబుతోంది. బ్యాటరీ పోయిందా?

మల్లేశ్వరం మూర్తి
బ్యాటరీ కాదమ్మా. పాత జీపీఎస్ సిగ్నల్‌లో వారాల లెక్కకు 10 బిట్లే (సున్నా, ఒకటి మాత్రమే పట్టే పది గడులు) ఇచ్చారు. 1024 వారాలు నిండగానే లెక్క మళ్లీ సున్నాకు వస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్ 6న ఇంకోసారి వచ్చింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయని డివైస్‌లు పంతొమ్మిదిన్నరేళ్లు వెనక్కి పోతాయి. తయారుచేసినవాళ్లు అప్‌డేట్ ఇచ్చి ఉంటే వేసుకోండి, లేకపోతే తేదీ వదిలేయండి.

కేఆర్‌పురం కవిత
నాది పూర్తిగా వేరే అభిప్రాయం. శ్రీనుగారి దారీ నా దారీ సగం ఒకటే. ఆ రోడ్డు మీద మనకు కావాల్సింది ‘నేనెక్కడున్నాను’ అన్నది కాదు. ఎక్కడున్నామో తెలుసు, మహదేవపుర దగ్గర ఇరుక్కుని ఉన్నాం! తెలియాల్సింది ముందర ఏం జరుగుతోందని. ఆ కబురు ఉపగ్రహం నుంచి రాదు. రోడ్డు మీదున్న వేలమంది ఫోన్లు ఎంత వేగంతో కదులుతున్నాయో చూసి ఫోన్‌లో ఎర్ర గీతలు గీస్తారు. సొంత డేటా కనెక్షన్ లేని డివైస్‌కు ఆ గీత ఉండదు. మారతహళ్లి బ్రిడ్జి కింద లారీ ఆగిపోయినా అది ‘నేరుగా వెళ్లండి’ అనే అంటుంది.

దానికి తోడు ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా సిల్క్ బోర్డు నుంచి కేఆర్‌పురం దాకా మెట్రో పని. సర్వీస్ రోడ్డులోకి వెళ్లే సందు ఈ నెల ఒకచోట ఉంటే వచ్చే నెల ఇంకోచోట. ఏడాదికోసారి మ్యాప్ అప్‌డేట్ చేసే డివైస్ ఎలా అందుకుంటుంది?

వాన పడితే ఇంకా కష్టం. 2023 మేలో కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నీళ్లు నిండి మన తెలుగమ్మాయి చనిపోయింది, గుర్తుందిగా. అప్పటి నుంచి నేను వానలో ఏ మ్యాప్ చెప్పినా అండర్‌పాస్‌లోకి దిగను, డివైస్ అయినా ఫోన్ అయినా. నీళ్లున్నాయని ఆ రెండింటికీ తెలియదు.

పెనుకొండ అబ్బాయి
కవితక్కా, ఊళ్లో మాట ఒప్పుకుంటా. ఊరు దాటితే లెక్క మారుతుంది. నేను నెలనెలా ఊరికి పోతా. ఎన్‌హెచ్ 44 మీద మ్యాప్ అవసరం లేదు, దేవనహళ్లి, చిక్కబళ్లాపుర, బాగేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు, కళ్లు మూసుకుని పోవచ్చు (మూసుకోకండి). కానీ మా అక్కవాళ్లది కడప. చింతామణి, మదనపల్లె, రాయచోటి మీదుగా పోతే గువ్వలచెరువు ఘాట్ వస్తుంది. అక్కడ ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఒకసారి రాయచోటి దాటాక దారి మళ్లించి ఉంటే ఫోన్‌లో కొత్త రూటు లోడ్ కాలేదు. చక్రం తిరుగుతూనే ఉంది. పక్కన మా బావ కారులో విడి డివైస్ ఉంటే అది టపీమని ఇంకో దారి చూపించింది. మ్యాప్ మొత్తం దాని పొట్టలోనే ఉంది కాబట్టి.

మలుపు ఎంత వంకరగా ఉందో ముందే కనబడటం కూడా ఘాట్‌లో రాత్రిపూట బాగా పనికొస్తుంది. (గువ్వలచెరువు పాలకోవా తినకుండా వస్తే మాత్రం ఏ మ్యాప్ ఉన్నా దండగ.)

క్యాబ్ రమణ
ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకోవచ్చు కదబ్బా. సిగ్నల్ లేకున్నా దారి చూపిస్తుంది. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దింపుకుంటే డబ్బులూ కావు.

పెనుకొండ అబ్బాయి
దింపుకోవచ్చు రమణన్నా. ఎవరు దింపుకుంటారు? ఘాట్ ఎక్కాక గుర్తొస్తుంది. దింపినా కొన్నాళ్లకు గడువు అయిపోతుంది, మళ్లీ అప్‌డేట్ చేయాలి.

లక్ష్మి జేపీ నగర్
అందరూ సిగ్నల్ గురించే మాట్లాడుతున్నారు, అడ్రసు వెతకడం గురించి ఎవరూ చెప్పట్లేదు. మామయ్యగారితో పడ్డ పాట్లు చెబుతా.

ఆ డివైస్ ముందు రాష్ట్రం అడుగుతుంది, తర్వాత ఊరు, తర్వాత వీధి, తర్వాత ఇంటి నంబరు. అలా అడిగితే బెంగళూరులో ఎవరైనా ఏం చెబుతారు? ‘5వ మెయిన్, 3వ క్రాస్’ కొడితే ఊరంతా వస్తుంది. ప్రతి లేఔట్‌లో ఒక 5వ మెయిన్, ప్రతి స్టేజీలో ఒక 3వ క్రాస్. మా జేపీ నగర్‌లో ఫేజులు, జయనగర్‌లో బ్లాకులు. ఆ బ్లాకుల్లో మళ్లీ 4వ బ్లాకు వేరు, 4వ టీ బ్లాకు వేరు. మామయ్యగారిని ఒకసారి పెళ్లికి పంపిస్తే సరైన మెయిన్, సరైన క్రాస్, తప్పు ఫేజులో ఆగి ఫోన్ చేశారు. అక్కడ కూడా ఒక కల్యాణ మండపం ఉంది, అదే తమాషా.

చివరికి మేం చేసింది ఇదీ. అడ్రసు కొట్టడం మానేశాం. ఆయన తరచూ వెళ్లే చోట్లకు ఒకసారి నేను పక్కన కూర్చుని వెళ్లి, గేటు ముందు కారు ఆపి, ‘ఈ చోటు సేవ్ చేయి’ నొక్కాను. ఇల్లు, గుడి, ఆసుపత్రి, చెల్లెలి ఇల్లు. ఇప్పుడు ఆయన పేరు మీద నొక్కుతారు, అంతే. కొత్త చోటైతే ఎవరినైనా వాట్సాప్‌లో లొకేషన్ పంపమని, అందులోని అక్షాంశం, రేఖాంశం అంకెలు నేనే ఎక్కించి ఇస్తా. చాలా డివైస్‌లలో ఆ అంకెలతో వెతికే సదుపాయం ఉంటుంది, మెనూలో ఎక్కడో లోపల దాక్కుని.

తపాలా శాఖవాళ్లు 2025లో డిజిపిన్ అని పది అక్షరాల కోడ్ తెచ్చారు. దేశమంతటినీ సుమారు 4 మీటర్ల గళ్లుగా విడగొట్టి ప్రతి గడికీ ఒక కోడ్ ఇచ్చారు. మన క్రాసుల గోలకు అది సరైన విరుగుడే. పాత డివైస్ దాన్ని చదవలేదు, ముందు ఫోన్‌లో అంకెల్లోకి మార్చుకోవాలి.

హొరమావు శ్రీను
లక్ష్మిగారూ, ఆ గేటు ముందు సేవ్ చేయడం అద్భుతం. నాన్నగారికి అచ్చంగా ఇదే కావాలి. ఒక సందేహం. మీరు రాగిగుడ్డ డబుల్ డెక్కర్ ఫ్లైఓవర్ మీద వెళ్తారు కదా, అక్కడ డివైస్ ఏమంటుంది?

లక్ష్మి జేపీ నగర్
అయ్యో, అది అడక్కండి. కింద మారేనహళ్లి రోడ్డు, దాని మీద ఫ్లైఓవర్, ఆపైన మెట్రో. రోడ్డు తెరిచింది 2024 జూలైలో, మామయ్యగారి మ్యాప్ అంతకు ముందుది. దాని లెక్కలో ఫ్లైఓవర్ లేనే లేదు. మనం పైన హాయిగా పోతుంటే అది కింద సిగ్నల్ దగ్గర కుడికి తిరగమంటుంది.

క్యాబ్ రమణ
ఫోన్ కూడా తక్కువ తినలేదు లెండి. హోసూరు రోడ్డు ఎలివేటెడ్ ఫ్లైఓవర్ కింద పోతుంటే పైన పోతున్నాననుకుంటుంది. ఎక్కాల్సిన చోట ఎక్కకపోతే ఇంక కింద ఉన్న సిగ్నళ్లన్నీ మనవే.

మల్లేశ్వరం మూర్తి
ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆకాశం బాగా కనబడే చోట అడ్డంగా వచ్చే తేడా 5 మీటర్ల లోపే ఉంటుంది. ఎత్తు లెక్కలో తేడా అంతకంటే ఎక్కువ, ఎందుకంటే ఉపగ్రహాలన్నీ మనకు పైనే ఉంటాయి, కింద నుంచి కొలిచేది ఒక్కటీ ఉండదు. కింద రోడ్డు, పైన ఫ్లైఓవర్ ఒకే గీత మీద ఉంటే మ్యాప్ ఊహించుకోవాల్సిందే. ఫ్లైఓవర్ ఎక్కమని ముందే హెచ్చరించే సదుపాయాన్ని గూగుల్ మ్యాప్స్ మన దేశంలో 2024 జూలైలోనే తెచ్చింది.

ఫ్లైఓవర్ కింద పోతుంటే ఇంకో చిక్కు. కాంక్రీటు అడ్డం కాబట్టి నేరుగా వచ్చే సిగ్నల్ తగ్గిపోయి, పక్కనున్న అద్దాల బిల్డింగులకు తగిలి వచ్చేది ఎక్కువవుతుంది. తగిలి వచ్చిందంటే దారి పొడుగైనట్టు, టైం తేడా వచ్చినట్టు, మీరు పక్క వీధిలో ఉన్నట్టు. ఈ మధ్య ఫోన్లలో కొన్ని రెండు ఫ్రీక్వెన్సీలు వింటాయి, వాటికి ఈ బాధ తక్కువ. ఏళ్లనాటి డివైస్ ఒకే ఫ్రీక్వెన్సీ వింటుంది. కారుతోపాటు కంపెనీ బిగించి ఇచ్చే నావిగేషన్‌లో చాలావాటికి చక్రాల వేగం కూడా తెలుస్తుంది, అందుకని అండర్‌పాస్‌లో సిగ్నల్ పోయినా బాణం ముందుకు నడుస్తుంది. అద్దానికి అతికించినదానికి ఆ వీలు లేదు.

స్పేస్ చైతు
జీపీఎస్‌లాంటిదే మన దేశపు నావిక్ ఉంది కదా అంకుల్! బెంగళూరు పక్కన బ్యాలాళు నుంచే నడుపుతున్నారు. ఆ డివైస్‌లో నావిక్ ఆన్ చేస్తే సరిపోదా?

మల్లేశ్వరం మూర్తి
ఆన్ చేయడానికి అందులో ఆ మీట ఉండదు నాయనా. నావిక్ ఉపగ్రహాలు మొదటి నుంచీ ఎల్5, ఎస్ అనే ఫ్రీక్వెన్సీ బ్యాండ్లలో మాట్లాడాయి. పాత కారు డివైస్‌లు వినేది ఎల్1 మాత్రమే. ఎల్1లో కూడా మాట్లాడే మొదటి నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01ను 2023 మే 29న శ్రీహరికోట నుంచి పంపారు. అయినా డివైస్‌లోని చిప్‌కు ఆ భాష రావాలి కదా. నావిక్ కావాలంటే కొత్త ఫోనే నయం.

అయితే మనకంటూ ఒకటి ఎందుకన్న ప్రశ్నకు జవాబు పాత చరిత్రలో ఉంది. 2000 మే దాకా మామూలు జనానికి ఇచ్చే జీపీఎస్ సిగ్నల్‌ను అమెరికా కావాలనే చెడగొట్టి ఇచ్చేది. 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. అంత తేడాతో మల్లేశ్వరంలో సంపిగె రోడ్డు అనుకుని మార్గోసా రోడ్డులో ఉంటాం.

వర్తూరు వాసు
లేటుగా వచ్చాను. శ్రీను, నీ బావమరిదిని మోడల్ పేరు అడిగి పెట్టు. గార్మిన్ కంపెనీది అయితే పైసా ఖర్చు లేకుండా ఇండియా మ్యాప్ ఎక్కించుకోవచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని వికీపీడియాలాగే జనం రాసుకునే మ్యాప్ ఉంది. దాన్ని గార్మిన్ చదివే ఫైల్‌గా మార్చి ఉచితంగా ఇచ్చే సైట్లున్నాయి. ఆ ఫైల్‌ని మెమరీ కార్డులో గార్మిన్ అనే ఫోల్డర్ చేసి అందులో వేసి, డివైస్ సెట్టింగుల్లో ఆ మ్యాప్‌కు టిక్కు పెట్టాలి. అమెరికా మ్యాప్‌కు టిక్కు తీసేయ్. మనం ఉన్న వీధి తప్పుగా ఉంటే మనమే సరిచేయవచ్చు, తర్వాతిసారి దింపుకున్నప్పుడు అది సరిగ్గా వస్తుంది. మా వర్తూరు సందులు నేనే కొన్ని గీశాను.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. తెచ్చేది కారు నావిగేటర్ మాత్రమే అని రెండుసార్లు చూసుకోమను. ట్రెక్కింగ్‌వాళ్లు వాడే ఒక రకం ఉంది, అది ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపుతుంది కూడా. చూడటానికి జీపీఎస్‌లాగే ఉంటుంది. అలాంటివి, శాటిలైట్ ఫోన్లు మన దేశంలోకి అనుమతి లేకుండా తేకూడదు. విమానాశ్రయాల్లో వాటితో దొరికి కేసుల్లో ఇరుక్కున్న విదేశీయులున్నారు. మూర్తిగారు చెప్పినట్టు ‘వినేది’ అయితే ఫరవాలేదు, ‘మాట్లాడేది’ అయితే అక్కడే వదిలేసి రమ్మను.

హొరమావు శ్రీను
అమ్మో, ఈ సంగతి తెలియదు. ఇప్పుడే ఫోటో పంపమన్నాను. కారుదే, అద్దానికి అతికించే కప్పు కూడా కనబడుతోంది. పోలీసులతో ఇబ్బంది ఉంటుందా?

నెల్లూరు రెడ్డి
ఉండదు. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేతిలో పట్టుకునే పరికరాన్ని కూడా దారి చూసుకోవడానికి వాడొచ్చని రాశారు, డ్రైవింగ్ మీద ధ్యాస చెడకూడదన్న షరతుతో. మీది ఎలాగూ అద్దానికి బిగించేది. కాకపోతే అద్దం మధ్యలో, కళ్లకు అడ్డంగా పెట్టకండి. కింద మూలకు పెట్టండి. బండి నడుస్తుండగా అడ్రసు కొట్టడం మొదలుపెడితే ఆ షరతు తప్పినట్టే.

పల్సర్ ప్రసాద్
నా పల్సర్‌కు ఇది పెట్టుకోవచ్చా? ఫోన్ కెమెరా బండి అదురుకు పాడైపోయింది.

వర్తూరు వాసు
కారుది పెట్టొద్దు ప్రసాద్. వానకు తట్టుకోదు, ఎండలో స్క్రీన్ కనబడదు. బైక్ కోసం వేరుగా నీళ్లు దూరనివి వస్తాయి, ధర బాగా ఎక్కువ. ఇంకో సంగతి, కారు మోడ్‌లో పెట్టుకుని మైసూరు బయల్దేరితే అది నిన్ను ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కించేస్తుంది. 2023 ఆగస్టు 1 నుంచి అక్కడ ప్రధాన రోడ్డు మీద బైకులకు ప్రవేశం లేదు, సర్వీస్ రోడ్డే. ఫోన్‌లో టూవీలర్ మోడ్ ఉంది, అదే వాడు. అదురు తగ్గించే మౌంట్ విడిగా దొరుకుతుంది.

హొరమావు శ్రీను
పండగ అయింది, డివైస్ వచ్చింది, అప్‌డేట్ ఇద్దామని వచ్చాను.

మూర్తిగారు చెప్పినట్టు మేడ మీద పెట్టి వదిలేశాను, ఒక కాఫీ సరిపోలేదు గానీ దొరికింది. వాసు చెప్పిన మ్యాప్ ఎక్కించాను. హొరమావు లోపలి సందులు కూడా ఉన్నాయి, ఆశ్చర్యం. ఇంగ్లిష్ గొంతు మన వీధుల పేర్లు పలికే తీరు వింటే ఇంట్లో అందరం నవ్వుకున్నాం, ‘బాణసవాడి’ని గుర్తుపట్టడానికి నాన్నగారు స్క్రీన్ చూడాల్సి వచ్చింది. గొంతు తెలుగులో కావాలంటే ఫోనే గతి.

ఆఫీసుకు మాత్రం కవితగారి మాటే నిజం. డివైస్ రోజూ ఒకటే దారి చెబుతుంది. ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, బయల్దేరే ముందు ఫోన్‌లో ట్రాఫిక్ చూసి ఏ దారో తేల్చుకుంటా, ఏసీ హోల్డర్‌లో ఫోన్ పెడతా. రమణా, మూడు వందలకే దొరికింది, థాంక్స్. డివైస్ నాన్నగారి కారుకు వెళ్లిపోయింది. లక్ష్మిగారి పద్ధతిలో చోట్లన్నీ సేవ్ చేసి ఇచ్చాను. మొన్న అమ్మను తీసుకుని కాణిపాకం వెళ్లొచ్చారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా. మొగిలి ఘాట్‌లో ఫోన్ మూగబోయినా డివైస్ నడిచిందని వచ్చినప్పటి నుంచి ప్రతి ఫోన్‌కాల్‌లో చెబుతున్నారు.

ఒక్కటే సమస్య. దాంతో వచ్చిన కారు ఛార్జర్ బావమరిది మరిచిపోయాడు. నా దగ్గరున్న యూఎస్‌బీ కేబుల్ కారులో పెడితే మ్యాప్ పోయి కంప్యూటర్ బొమ్మ వస్తోంది. పాడైందా?

వర్తూరు వాసు
పాడవలేదు. మామూలు డేటా కేబుల్ పెడితే కంప్యూటర్‌కు కలిపారనుకుని ఫైళ్ల మోడ్‌లోకి పోతుంది. పాత మోడళ్లలో ఇది మామూలే. కారు ఛార్జర్ కేబుల్ లోపల ఒక పిన్ను వేరే రకంగా కలిపి ఉంటుంది. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో మీ మోడల్ పేరు చెప్పి ‘కారు పవర్ కేబుల్’ అని అడుగు. డివైస్ కూడా పట్టుకెళ్లి, అక్కడే గుచ్చి మ్యాప్ కనబడ్డాకే డబ్బులివ్వు. ఇంకో మాట, నాన్నగారికి చెప్పు, కారు ఎండలో పార్క్ చేస్తే డివైస్ ఊడదీసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టమని. ఆ వేడికి లోపలి బ్యాటరీ ఉబ్బుతుంది.

క్యాబ్ రమణ
ఎస్పీ రోడ్డుకు కారులో పోకు అన్నా. మెట్రోలో పో, పార్కింగ్ దొరకదు.